తరంగము ఇల్లు చేరు త్రోవ



పూర్వము మన గ్రామములందు రేడియోపెట్టె గల యిల్లు దూరమునుండియే తెలిసిపోయెడిది. ఇంటి ముంగిట రెండు పొడవైన వెదురుగడలు పాతి, వాని కొనలకు పింగాణి గుండ్లు కట్టి, ఆ గుండ్ల నడుమ రాగితీగ బిగించెడివారు. ఆ తీగనుండి ఒక పాయ కిటికీగుండ లోపలికి దిగి పెట్టెను చేరెడిది. మఱియొక తీగ పెట్టె వెనుకనుండి వెడలి, నూతిగట్టు చెంత తడినేలలో దిగవేసిన యినుపకడ్డీకి పోయెడిది. మొదటిదానిని ఏరియలనియు, రెండవదానిని ఎర్తనియు పిలిచెడివారు. ఈ రెండును సరిగా లేనిచో పెట్టె యెంత వెలగలదైనను గురగుర తప్ప మాట వినబడదని ఆ కాలపు గృహస్థులకు చక్కగా తెలియును. గాలివాన వచ్చి గడ యొరిగిన నాడు, పెట్టెను ముట్టక ముందు గడనే చూచెడివారు.

నేడు వెదురుగడలు లేవు. ఇంటింట చేతిఫోనులు వచ్చినవి. కొందఱి యిండ్లలో సిమ్ము వేసిన చిన్న రూటరుపెట్టెయు వచ్చినది. వీనికిని ఏరియలు కలదు. కాని అది లోపలనే దాగియుండుటచేత, కలదను మాటయే మనము మఱచితిమి. బొమ్మ కదలక నిలిచిపోయిన కంపెనీని నిందింతుము. లేదా అంతకంటె వెల గల ఫోను కొందుము. ఈ ధోరణి నాకు సమ్మతము కాదు. తరంగము ఇల్లు చేరుటకు ఎత్తు, దిక్కు, అడ్డు అను మూటిని చూడవలెనని ఈ విద్యను కనిపెట్టినవారు మొదటి పదేండ్లలోనే గ్రహించిరి. నేటి 5జీ కాలమునను మన యింట మొదట చూడవలసినవి అవియే. ఆ సంగతిని చరిత్రక్రమమున మీకు మనవి చేసెదను.

విద్యుత్తును అయస్కాంతశక్తియు గూడి తరంగములై వెలుగు వేగముతో పయనింపవలెనని గణితముచేత తేల్చినవాడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్లు. అతని వ్యాసము 1865వ సంవత్సరమున అచ్చయ్యెను. కాని ఆ తరంగములను పట్టి చూపినవారు చాలకాలము లేకపోయిరి. ఇరువదియేండ్లు దాటిన పిమ్మట, 1886 మొదలు 1888 వఱకు, జర్మనీదేశమున కార్ల్స్‌రూహే పట్టణమందు ఆచార్యుడుగా నున్న హైన్రిహ్ హెర్ట్జు ఆ పని చేసెను. గదిలో నొక చోట విద్యుత్తుచేత నిప్పురవ్వ పుట్టించి, దూరముగా నుంచిన తీగచుట్టలో దానికి బదులుగా మఱియొక సన్నని రవ్వ మెఱయుట చూపెను. రెండింటి నడుమ తీగ యేదియు లేదు.

హెర్ట్జు అంతటితో ఆగలేదు. జింకురేకును దర్పణమువలె వంచి ఆ తరంగములను ఒక్క దిక్కునకే పంపెను. లోహపురేకు అడ్డము పెట్టగా తరంగము ఆగి వెనుకకు మఱలెను. కొయ్యతలుపు మూయగా దానిని దాటిపోయెను. ఈ చిన్న పరీక్షలో మన యిండ్ల సంగతి సగము కలదు. ఆయన దర్పణములతో వాడిన తరంగము పొడవు ఇంచుమించు 66 సెంటీమీటర్లు, అనగా రెండడుగుల పైచిలుకు. నేడు మన దేశమున ఫోనులకు వాడు 700 మెగాహెర్ట్జుల తరంగము పొడవు 43 సెంటీమీటర్లు. రెండును దగ్గఱి చుట్టములే. ఆ మెగాహెర్ట్జు అను కొలమానములో నిలిచియున్నదియు ఈ మహనీయుని పేరే. పాపము, ఆయన 36 ఏండ్ల ప్రాయముననే 1894లో గతించెను.

మన దేశమున ఈ విద్యకు ఆద్యుడు జగదీశ చంద్ర బోసుగారు. 1895లో కలకత్తా టౌనుహాలునందు బెంగాలు లెఫ్టినెంటు గవర్నరు సమక్షమున, తీగ లేకయే దూరమున నున్న గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చి చూపిరి. వారి తరంగములు మిక్కిలి పొట్టివి. ప్రయోగశాలలో అర సెంటీమీటరు పొడవు గల తరంగములను గూడ పుట్టించి పరీక్షించిరి. నేడు 5జీ కొఱకు 2022లో వేలము వేసిన 26 గిగాహెర్ట్జుల తరంగము పొడవు ఒక సెంటీమీటరుకు కొంచెము ఎక్కువ. నూఱేండ్లకు పైగా తరువాత వర్తకులు వేలములో కొన్న తరంగముల జాతిని బోసుగారు ఆనాడే బల్లపై నాడించిరన్నమాట. వారు జనపనారను పేని, ఆ పురి తరంగపు వాలును ఎట్లు త్రిప్పునో గూడ చూపిరి. తరంగము నిలువుగా ఊగునా, అడ్డముగా ఊగునా అన్నది చిన్న సంగతి కాదు. పంపు ఏరియలు ఏ వాలున నున్నదో పట్టు ఏరియలును ఆ వాలుననే యుండవలెను. లేనిచో బలము వ్యర్థమగును.

ఇక ఎత్తు సంగతి. ఇటలీదేశమున బొలోన్యా నగరము చెంత పొంతెక్కియో గ్రామమున తన తండ్రి యింట గుల్యెల్మో మార్కోనీ అను యువకుడు 1895లో హెర్ట్జు యంత్రమును పట్టుకొని పొలములలో తిరుగుచుండెను. మొదట కొలది దూరమే వార్త పోవుచుండెను. అప్పుడతడు యంత్రపు ఒక కొసను నేలలో పాతి, రెండవ కొసకు తగిలించిన లోహపుముక్కను ఎత్తుగా నిలిపెను. దూరము తటాలున పెరిగినది. ఇంచుమించు రెండు కిలోమీటర్ల దూరమున, కొండ యవతల, అతని అన్న వార్త అందినదని తుపాకి ప్రేల్చి తెలియజేసెనని చెప్పుదురు. క్రొత్త యంత్రము కాదు, క్రొత్త సూత్రము కాదు. ఎత్తున నిలిపిన ముక్కయు నేలలోని కడ్డీయుమాత్రమే. 1901 డిసెంబరు 12వ తేదీన అతడు న్యూఫౌండ్‌లాండు దీవిలో గాలిపటమునకు తీగ కట్టి యెగురవేసి, అట్లాంటికు మహాసముద్రమున కవతల ఇంగ్లండునందలి పోల్డూ నుండి వచ్చిన సంకేతమును వింటిననెను. నిజముగా వినెనా, ఉఱుముల సద్దును విని భ్రమించెనా అని కొందఱు పండితులు నేటికిని సందేహించుచున్నారు. ఆ వివాద మట్లుండనిండు. గాలిపటము కట్టవలెనని తోచుటయే ఇక్కడ ముఖ్యము.

మన ప్రాంతమునకు రేడియో ఎట్లు వచ్చెనో మీలో పెద్దవారికి తెలిసినదే. మదరాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనను ప్రారంభమయ్యెను. హైదరాబాదున నిజాము ప్రభుత్వమువారి దక్కన్ రేడియో వేఱుగా నుండెను. ఆ కేంద్రముల తరంగములు వందలాది మీటర్ల పొడవు గలవి; కొండలను, గోడలను లెక్కచేయక నేలవెంట ప్రాకి వచ్చెడివి. కావున ఒక్క పొడవాటి తీగ చాలెడిది. టెలివిజను వచ్చినప్పుడు ఆ సుఖము పోయినది.

1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు అమెరికావారి ఉపగ్రహముద్వారా మన దేశమున ఆఱు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజను చూపిరి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బడివద్దనో పంచాయతీ కార్యాలయము వద్దనో పదియడుగుల వెడల్పు గల గొడుగువంటి ఏరియలు నిలిపిరి. అది కోళ్లదొడ్లకు కట్టు తీగవలతో చేసినదే. చిల్లులు గల వల తరంగమునెట్లు పట్టునని అడుగుదురేమో. చిల్లు తరంగముకంటె చాల చిన్నదైనచో తరంగమునకు వల యనిన గోడయే. ఈ మాట గుర్తుంచుకొనుడు. మన డాబాయిండ్ల సంగతి చెప్పునపుడు మఱల పనికివచ్చును.

1977లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము వచ్చిన తరువాత డాబాలమీద చేపముల్లువంటి ఏరియళ్లు మొలచినవి. ఒకడు పైకెక్కి కడ్డీని త్రిప్పుచుండగా, “వచ్చిందా తమ్ముడూ?” “రాలేదన్నయ్యా, ఇంకొంచెం తూర్పుకు తిప్పు... ఆఁ, అక్కడే ఆపు!” అని క్రిందినుండి పైకి, పైనుండి క్రిందికి కేకలు వేసికొనుట మా వీధిలో నిత్యకృత్యము. ఆ చేపముల్లు జపానుదేశపువారి సృష్టి. 1926లో సెందాయి నగరమందలి విశ్వవిద్యాలయమున శింతారో ఉదా, హిదెత్సుగు యాగి అనువారు దానిని ప్రకటించిరి. తీగ తగిలించు కడ్డీ యొక్కటే. తక్కిన కడ్డీలకు తీగ తగులదు. అవి ఊరక నిలిచి, ముందటి దిక్కునుండి వచ్చు తరంగమును ప్రోదిచేసి ఆ యొక్క కడ్డీకి అందించును. ఈ విషయమై ఒక చిత్రమైన కథ కలదు. 1942లో సింగపూరు పట్టుబడినప్పుడు, జపాను అధికారులకు ఒక బ్రిటిషు సైనికుని నోటుపుస్తకమున ‘యాగి’ అను మాట కనబడెను. అర్థము తెలియక బందీ నడుగగా, అది మీ దేశపు ఆచార్యుని పేరే యని అతడు చెప్పెనట! తమ యింటి విద్యను పరాయివారు వాడుచుండగా గుర్తింపలేకపోవుట జపానువారికే పరిమితము కాదు.

చేతిఫోను కథలో పై మూటికి తోడు నాల్గవ సంగతి ప్రవేశించెను. అది పంపకము. రేడియోకేంద్రము మాటలాడును, మనము విందుము. వేయిమంది విన్నను లక్షమంది విన్నను మాట తరుగదు. ఫోనులో ప్రతివాడును మాటలాడవలెను. ఆకాశమున త్రోవలు కొన్నియే. ఈ చిక్కును విప్పు ఉపాయమును అమెరికాలో బెల్ పరిశోధనశాలకు చెందిన డగ్లస్ రింగు 1947 డిసెంబరునందు వ్రాసిన పత్రమున సూచించెను. ఒక్క పెద్ద టవరుకు బదులు చిన్న బలము గల టవర్లు పెక్కింటిని నిలిపి, ఊళ్లను చిన్నచిన్న గదులుగా పంచి, ఒక గదిలో వాడిన త్రోవనే దూరపు మఱియొక గదిలో తిరిగి వాడుట అతని యూహ. మఱుసటి యేడే, 1948లో, అదే శాలకు చెందిన క్లాడ్ షానను ఒక త్రోవలో ఎంత సమాచారము పోగలదో లెక్కకట్టి చూపెను. అది రెండింటిపై ఆధారపడును. త్రోవ వెడల్పు ఒకటి. రొదకంటె సంకేతము ఎన్ని మడుగులు బలమైనదను సంగతి రెండవది.

మన దేశమున మొట్టమొదటి చేతిఫోను సంభాషణ 1995 జూలై 31వ తేదీన కలకత్తానుండి జ్యోతిబసుగారికిని, ఢిల్లీనుండి సుఖరాముగారికిని నడుమ జరిగెను. 4జీ సేవ 2012లో కలకత్తాలోనే ఆరంభమై, 2016 సెప్టెంబరున జియో సంస్థ ప్రవేశించిన పిమ్మట పల్లెలకు విస్తరించెను. 5జీ 2022 అక్టోబరు 1వ తేదీన వచ్చినది. 2023లో పెద్ద కంపెనీలు ఆ తరంగముల ద్వారానే ఇంటికంతకును నెట్టు ఇచ్చు సేవలు మొదలిడినవి.

వ్యవసాయదారులకు ఈ పంపకమును వివరింప కష్టపడనక్కఱలేదు. టవరు ఒక చెఱువుతూము. దాని క్రింద ఆయకట్టు కలదు. తెల్లవాఱుజామున ఇద్దఱు మువ్వురు నీరు పెట్టుకొనుచున్నప్పుడు కాలువ నిండుగా పాఱును. సాయంకాలము ఊరంతయు నొక్కసారి మళ్లు తెఱచిన చివరిచేనికి తడి యందదు. మీ ఫోనులో నాలుగు గీతలు నిండుగా నుండియు రాత్రి యెనిమిది గంటలకు పాఠము కదలకుండుటకు కారణమిదియే. గీతలు సంకేతపు బలమును చెప్పునుగాని వంతు ఎంత దొరకునో చెప్పవు. పైగా ఎన్ని గీతలకు ఎంత బలమో ఫోను చేయు ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క రీతిగా పెట్టుకొన్నది. తరంగములలోను భేదము కలదు. 700, 850, 900 మెగాహెర్ట్జుల పొడవు తరంగములు దూరము పోవును, గోడ దూఱును. కాని వాని కాలువ ఇఱుకు. 2300, 3500 మెగాహెర్ట్జుల పొట్టి తరంగముల కాలువ వెడల్పు. కాని గోడయు, చెట్టు తడియాకులును వాని బలమును త్రాగివేయును.

ఇక్కడ నొక తమిళదేశీయుని పేరు చెప్పక విడువరాదు. పొల్లాచ్చిలో 1944లో జన్మించి, మన నౌకాదళమున సోనారు యంత్రమును నిర్మించి, పిమ్మట అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యులైన ఆరోగ్యస్వామి పాల్‌రాజుగారు 1990 దశాబ్ది యారంభమున ఒక విపరీతమైన యాలోచన చేసిరి. తరంగము గోడలకు, కొండలకు తగిలి చెదరి పెక్కుత్రోవల వచ్చుట అంతవఱకు రోగముగా నెంచబడినది. ఆ త్రోవలు వేఱువేఱు గనుక, ఇటు రెండు నాలుగు ఏరియళ్లు, అటు రెండు నాలుగు ఏరియళ్లు పెట్టి ఒక్కొక్క త్రోవలో ఒక్కొక్క వార్త పంపిన, అదే ఆకాశమున ఇబ్బడి ముబ్బడి సమాచారము పోవునని వారు చూపిరి. మొదట నమ్మినవారు తక్కువ. నేటి 4జీ, 5జీ, వైఫై మూడును ఆ పునాదిపై నిలిచినవే. 2014లో వారికి మార్కోనీ బహుమానము లభించెను. మీ రూటరు వెనుక ఏరియలు తగిలించు మఱలు ఒకటి కాక రెండు ఎందుకున్నవో ఇప్పుడు తెలిసినదిగదా. రెండింటికిని ఏరియళ్లు తగిలింపవలెను. బయట నిలుపునవి యైనచో ఒకటి కుడికి, ఒకటి యెడమకు వాల్చి ఒకదానికొకటి అడ్డముగా నుంచవలెను. బోసుగారి జనపపురి చెప్పిన వాలు ఇదియే.

ఇక మన యిండ్లు. పెంకుటింట తరంగము సులభముగా దిగును, తాటాకింట చెప్పనక్కఱలేదు. మా పెంకుటిల్లు విప్పి డాబా వేసిన యేడు, ఇంటిలో ఫోను మూగవోయినది. మేస్త్రి పఱచిన యినుపకడ్డీల అల్లిక, కోళ్లదొడ్డి వలకు పెద్దన్న. దాని చిల్లులు కొంత పెద్దవి గనుక తరంగము పూర్తిగా చావదు. కాని కడ్డీకి సిమెంటు తోడయి, గోడతేమ తోడయి, చాల బలము హరించును. రేకుల కప్పు, రేకు తలుపులు గల గది సరేసరి. అద్దములకు పూయు కొన్ని పూతలలో లోహముండును. అట్టి కిటికీ మూసిన అదియు ఒక రేకే.

అప్పుడు నేను చేసిన పని యిది. ఫోనులో ‘సెట్టింగులు’ అనుచోట సిమ్ము స్థితి తెలుపు పుటలో డీబీఎం అని యొక ఋణసంఖ్య కనబడును. అది సున్నకు దగ్గఱగా నున్నకొలది మంచిది. 80 మంచిది, 100 నడిమిరకము, 115 దాటిన ప్రాణము పోవుచున్నట్లు. పది తగ్గుదలకు బలము పదవవంతు, ఇరువదికి నూఱవవంతు. నేను కాగితమున ఇంటి పటము గీచి, ఒక్కొక్క మూల నిమిషముసేపు నిలిచి సంఖ్య వ్రాసికొంటిని. పడకగదిలో 112, వసారాలో 101, మెట్లగది పైకప్పు క్రింద 91. ఒకే యింటిలో నూఱురెట్లకు మించిన తేడా! రూపాయి ఖర్చు లేకుండ తెలిసిన సంగతి యిది. ఆ పటము తీసికొని రూటరును మెట్లగదికి మార్చి, టవరు కనబడు కిటికీలో నుంచితిమి. దిక్కు తెలియనివారు టవర్ల తావులు చూపు ప్రభుత్వమువారి తరంగ్ సంచార్ వెబ్‌సైటును చూడవచ్చును. అయినను నేరుగా టవరుకు త్రిప్పుటయే ఎల్లప్పుడు మేలని యనుకొనరాదు. ఎదుట చింతచెట్టు అడ్డమున్న, ప్రక్కయింటి గోడ తాకి వచ్చు తరంగమే బలముగా నుండవచ్చును. నాలుగు వేళ్ల వెడల్పు జరిపి, మఱల సంఖ్య చూచి, వేగము కొలిచి నిర్ణయింపవలెను.

పైనుండి క్రిందికి తెచ్చుటలో చాలమంది నష్టపడుచున్నారు. ఏరియలును డాబాపై నిలిపి, రూటరును క్రింది గదిలో నుంచి, నడుమ సన్నని ఏరియలు తీగ వ్రేలాడదీయుదురు. అట్టి తీగ పది గజములు సాగునప్పటికి పట్టిన బలములో సగముకంటె ఎక్కువ తీగయే తినివేయును. అంతకంటె రూటరునే పైన నీడపట్టున నుంచి, దానినుండి నెట్టుకేబులు క్రిందికి దింపుట మేలు. ఆ కేబులు నూఱు మీటర్ల వఱకు సమాచారమును తరుగకుండ తెచ్చును. ఎండకాలము రేకు క్రింద నుంచరాదు. పెట్టె వేడెక్కి మందగించును. డాబాపై నిలిపిన లోహపుగడకు తప్పక ఎర్తు వేయింపవలెను. ఉఱుములు మెఱుపులు పుట్టినప్పుడు బయటి తీగను పెట్టెనుండి ఊడదీయవలెను. పిడుగునకు 5జీ అనియు 4జీ అనియు భేదము లేదు.

మఱియొక భ్రాంతి. టవరునుండి రూటరు వఱకు ఒక త్రోవ; రూటరునుండి చేతిలోని ఫోను వఱకు వైఫై యను వేఱొక త్రోవ. వైఫై గీతలు నిండుగా నున్నవని మొదటి త్రోవ బాగున్నదనరాదు. రూటరు ప్రక్కనే నిలిచి కొలిచిన వేగమును, పడకగదిలో కొలిచిన వేగమును పోల్చిన రోగమెచ్చటనో బయటపడును. పడకగదిలో ఫోను పలుకని వారికి, 2019 చివరనుండి మన కంపెనీలు తెచ్చిన వైఫై ద్వారా మాటలాడు సదుపాయము ఫోనులోనే ఉచితముగా నున్నది, తెఱచుకొన్నవారు తక్కువ.

ఇంతవఱకు చెప్పినది ఒక యింటి పని. ఊరంతటికిని సంబంధించినది బూస్టరను పెట్టె. సంతలలోను, నెట్టు అంగళ్లలోను దొరకును. లైసెన్సు లేక నిస్తంత్రి యంత్రము నుంచుకొనుట 1933వ సంవత్సరపు చట్టము నాటినుండి నేరము. ఫోను బూస్టరును ప్రైవేటువ్యక్తి కొనుటయు నిలుపుటయు చట్టవిరుద్ధమని టెలికాం శాఖవారు పలుమాఱు ప్రకటించిరి. చట్టమటుంచి న్యాయము చూతము. ఆ పెట్టె మీ ఫోను మాటతోపాటు రొదను గూడ పెద్దది చేసి టవరు చెవిలో నూదును. ఆ రొదలో తక్కిన యిండ్ల సన్నని మాటలు టవరుకు వినబడవు. కాలువలో రాత్రివేళ దొంగమోటారు దింపినవాని చేను పచ్చగానే యుండును. చివరి చేనివారి సంగతి నీరుగంటికి తెలియును. ఒక గ్రామమున ఇట్టి పెట్టె యొకటి పెట్టగా బడివీధి యంతయు కొన్ని వారములు మూగవోవుట నేనెఱుగుదును. కంపెనీవారు వచ్చి వెదకి తీయించువఱకు కారణమెవరికిని తోచలేదు. ఫోను వెనుక అంటించు సిగ్నలు బిళ్లలు చట్టవిరుద్ధములు కావు; వానివలన ప్రయోజనమును లేదు.

2020లో బడులు మూతపడి పాఠములు ఫోనులోనికి వచ్చినప్పుడు, పిల్లలు నీటిటాంకులపైకిని, కొండగుట్టలపైకిని ఎక్కి వినుట దేశమంతట చూచితిమి. మార్కోనీ గాలిపటమును ఎత్తిన కారణముచేతనే మన బాలురు తమ్మును తామెత్తుకొనిరి. మన్యమందలి గూడెములలో ఎక్కుటకు కొండ యున్నను పట్టుటకు తరంగము లేకుండెను. 2022 జూలైలో కేంద్రప్రభుత్వము 4జీ అందని 24,680 గ్రామములకు సేవ చేర్చుటకు 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. ఇట్టి టవరు ఊరికి వచ్చినప్పుడు ఎచ్చట నిలుపుట యను ప్రశ్న గ్రామపెద్దల యెదుటికే వచ్చును. జబ్బులు వచ్చునని భయపడి కొన్ని ఊళ్లలో వద్దనిరి. ఆ భయమును ఎగతాళి చేయుట నాకిష్టము లేదు. కాని 2012 సెప్టెంబరునుండి మన దేశము టవరు తరంగబలమునకు విధించిన హద్దు అంతర్జాతీయపు హద్దులో పదవవంతని తెలిసికొని మాటలాడుట మంచిది. ఊరికి రెండు మైళ్ల దూరమున టవరుండ, దానిని అందుకొనుటకు మన జేబులోని ఫోను తన బలమంతయు వెచ్చించి కేకవేయవలసివచ్చును; దగ్గఱ నున్న మెల్లగా పలుకును. ఊరి నడుమ పల్లమున కంటె, ఊరిచివరి మెరకపై, చెట్ల తలలు దాటు ఎత్తున నిలుపుడని అడుగుట పెద్దలకు తగును.

టవరుండియు వేగము లేనిచోట అర్జీ వ్రాయవలెను. ‘సిగ్నలు రాదు’ అని వ్రాసిన అర్జీ బుట్టలోనికి పోవును. పది యిండ్లవారు చేరి, ఏ వీధి, ఏ కంపెనీ సిమ్ము, ఉదయము ఆఱింటను, మధ్యాహ్నము రెండింటను, రాత్రి యెనిమిదింటను డీబీఎం ఎంత, వేగమెంత అని ఏడు దినములు వ్రాసి పట్టిక కట్టవలెను. వేగము కొలుచుటకు ట్రాయివారి మైస్పీడు అను ఉచిత సాధనము కలదు. బలము హీనముగా నున్నచో క్రొత్త టవరు కావలెను. బలముండి రాత్రి మాత్రమే వేగము పడిపోయినచో ఉన్న టవరుకే మఱికొన్ని త్రోవలు చేర్చిన చాలును, దానికి ఖర్చు తక్కువ. ఏది అడుగవలెనో పట్టికయే చెప్పును. మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగమున చెప్పి వారిచ్చు సంఖ్యను వ్రాసికొనవలెను. జవాబు తృప్తికరముగా లేనిచో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి ఆ సంఖ్యయు, ఈ పట్టికయు జతచేసి పంపవలెను. ఒక ప్రతి పంచాయతీ కార్యాలయమున నుంచుడు.